మా మేడమ్, ఒక రాతి కమాను

"అక్క పోయిందప్పా."

ఫోనులో వినిపించింది అంతే. ఆ సమయంలో నేను ఓర్వకల్లు దగ్గర ఒక షెడ్డుకు పిల్లర్ల గుంతలు తవ్విస్తున్నాను. జేసీబీ రొదలో ఏ అక్కో, ఎవరి అక్కో తెలియలేదు. పక్కకు వెళ్ళి మళ్ళీ అడిగాను.

"మీ మేడమప్పా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్యాది, అట్లే పొయ్యింది. మట్టి రేపు, మన గుడికాడ."

ఫోను చేసింది మేడమ్ చిన్నాయన కొడుకు, ఆమె పుట్టిన ఊరి చర్చి సంఘానికి పెద్ద. అక్కడి క్రైస్తవులు సమాధి చేయడాన్ని మట్టి అని, చర్చిని గుడి అని అంటారు. నేను ఆ ఊరివాణ్ణి కాను, ఆ మతస్తుణ్ణీ కాను. అయినా ఆయన "మన గుడి" అంటే నాకు వింతగా అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో చెప్పాలంటే మేడమ్ గురించి మొదటి నుంచీ చెప్పాలి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ వేయిద్దామని ఎవరో అన్నారు. ఆమె ఉండి ఉంటే ఆ ఫ్లెక్సీని చించి పరుపు కింద పరుచుకునేవారు. అందుకని నాకు చేతనైన పని నేను చేస్తున్నాను. నాలుగు మాటలు రాస్తున్నాను.

మేడమ్ కర్నూలులో డిగ్రీ కాలేజీలో మాకు చరిత్ర చెప్పారు. నేను చరిత్ర తీసుకున్నది దాని మీద ప్రేమతో కాదు. ఇంజనీరింగు సీటు రాలేదు, మా ఊరి బస్సు ఆ కాలేజీ ముందర ఆగేది. క్లాసులో సగం మంది కథ అదే. ప్రాచీన నాగరికతల పేపర్లో రోమువాళ్ళ కట్టడాల గురించి ఉన్నది అరపేజీ. ఆర్చి, వాల్టు, డోము, ఏట్రియం, మొజాయిక్ అని వరసగా పదాలు, ఒక్కోదాని పక్కన ఒక లైను అర్థం. ఇంకొకరైతే బట్టీ కొట్టండి, రెండు మార్కుల ప్రశ్న గ్యారంటీ అని చెప్పి ముందుకు పోయేవారు. మా మేడమ్ ఆ అరపేజీ మీద కూర్చుంటే ఎండలు ముదిరేదాకా లేవలేదు.

ఆమెకు ఒక నియమం ఉండేది. వస్తువు పేరు ముందు చెప్పకూడదు. అది ఏం పని చేస్తుందో ముందు చెప్పాలి. పుస్తకంలో కమాను నడినెత్తి రాయి బొమ్మ చూసి ఎవరైనా గొప్పకు "కీస్టోన్ మేడమ్!" అని లేచారా, అరచెయ్యి ఎత్తి ఆపేవారు.

"ఆగప్పా. పేరు తెలిస్తే అంతా తెలిసినట్లేనా? మీ ఇంట్లో బర్రెకు పేరు పెట్టేదాకా పాలు పిండుకోకుండా ఉండారా?"

క్లాసు గొల్లున నవ్వేది. ఆమె నవ్వేవారు కాదు. బోర్డు మీద ఒక కమాను గీసి, సుద్దముక్క దాని నెత్తిన పెట్టి అడిగేవారు. "ఈడ ఒక మనిషి నిలబడినాడు. వాని బరువు యాడికి పోతాండాది?"

కిందికి అన్నాం. కింద ఏముంది అన్నారు. ఖాళీ. ఖాళీలోకి బరువు ఎట్ల పోతాది అన్నారు. అప్పుడు ఇద్దరు మగపిల్లల్ని ముందుకు పిలిచి, ఎదురెదురుగా నిలబెట్టి, అరచేతులు ఆనించి, కాళ్ళు వెనక్కి జరపమన్నారు. ఇద్దరూ వాలారు. ఇంకొంచెం జరపమన్నారు. చెప్పులు నేల మీద జారడం మొదలైంది. పడతాం మేడమ్ అని ఇద్దరూ అరిచారు. ఆమె వెంటనే నన్నూ ఇంకొకణ్ణీ పిలిచి, వాళ్ళ మడమల వెనక నేల మీద కూర్చోబెట్టారు. జారడం ఆగిపోయింది.

"తెలిసిందా, బరువు యాడికి పోయిందో? పైన చేతులు కలిపినోళ్ళు అందరికీ కనపడతారు. కింద కూచున్నోడు ల్యాకపోతే వాళ్ళు లేరు. ఇప్పుడు రాసుకోండి, దీని పేరు ఆర్చి."

ఎవరి చెప్పులో నా వీపుకు గుచ్చుకుంటున్నాయి. క్లాసంతా నవ్వుతోంది. కానీ ఆ బరువు వాడి చేతుల నుంచి నడుములోకి, నడుము నుంచి కాళ్ళలోకి, కాళ్ళ నుంచి నా వీపులోకి వచ్చి నేలకు దిగడం నాకు తెలిసింది. రెండు వేల ఏళ్ళ కిందట ఎక్కడో రోములో ఎవడో కనుక్కున్న సంగతి నా వెన్నులో తగిలింది. చదువు అనేది అట్లా ఒంటికి తగులుతుందని అంతకు ముందు నాకు తెలియదు.

ఇంకోసారి మమ్మల్నందర్నీ బస్సెక్కించి ఒక పల్లెకు తీసుకెళ్ళారు. ఏదో కోట చూపిస్తారనుకున్నాం. తీసుకెళ్ళింది ఒక మట్టి మిద్దెలోకి. మా సీమ మిద్దెలకు పైకప్పులో గవాక్షి అని ఒక బొక్క ఉంటుంది. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి. వాన వస్తే పైకెక్కి దాని మీద ఒక పాత కుండ బోర్లిస్తారు. మేమంతా అలాంటి ఇళ్ళలోనే పుట్టి పెరిగాం. ఆ ఇంటి పెద్దావిడ ఇంతమంది పిల్లలు వచ్చి తన కప్పు వంక నోరు తెరుచుకుని చూడటం చూసి కంగారు పడింది.

"ఏందమ్మా, పామేమన్నా కనపడిందా?"

మేడమ్ మమ్మల్ని నేల మీద పడిన గుండ్రటి ఎండ చుట్టూ కూర్చోబెట్టారు. రోములో ఒక గుడి ఉందని, దాని కప్పు మొత్తం ఒకటే డోము అని, దాని నడినెత్తిన ఇలాంటిదే ఒక కన్ను ఉందని, అందులోంచి మన మిద్దెలు నాలుగు పట్టేంత ఎండ లోపలికి దిగి గోడల మీద పొద్దంతా నడుస్తుందని చెప్పారు. ఆ కన్ను పేరు ఓక్యులస్. వాళ్ళు దాన్ని మూయలేదు. వానను కూడా లోపలికి రానిచ్చారు. నేల కనబడీ కనబడనంత వాలుగా చేసి, నీళ్ళు పోవడానికి చిన్న చిన్న బొక్కలు పెట్టారు.

"వాళ్ళకు పైన కప్పడానికి కుండ దొరకలేదా మేడమ్?" అన్నాడు ఒకడు.

"ఆకాశాన్ని మూసే కుండ యాడ దొరుకుతాదప్పా?" అన్నారు ఆమె.

ఇంకొకడు గొణిగాడు. "వాళ్ళకు వాన వస్తాది కాబట్టి బొక్కలు పెట్టినారు. మనకు పెట్టినా దండగే." దానికి ఆమె నవ్వారు. ఆమెను అంత గట్టిగా నవ్వించినవాణ్ణి మేము చాలా రోజులు అసూయగా చూశాం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి ఒక గూడు బండి కనిపిస్తే చూపించారు. ఆ వంపు తిరిగిన గూడును రాతితో కడితే బ్యారెల్ వాల్టు. అట్లాంటి గూళ్ళు రెండు అడ్డంగా నిలువుగా ఒకదాన్నొకటి దాటి పోతే, ఆ దాటే చోట నాలుగు మూలల మీదే బరువంతా నిలబడి, గోడలు అక్కర్లేకుండా పోతాయి. అప్పుడు కిటికీలు ఎంత పెద్దవైనా పెట్టుకోవచ్చు. ఆ రోజు నుంచి బండి గూడు చూస్తే నాకు ఎద్దులు కనపడటం మానేశాయి.

రోముకంటే ముందు అక్కడ ఉన్న ఎట్రుస్కన్ల గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది. వాళ్ళ ఊళ్ళు పోయాయి, ఇళ్ళు పోయాయి, రాతలు సగం ఎవరికీ అర్థం కావు. మిగిలినవి సమాధులు. కొండను తొలిచి లోపల అచ్చం ఇల్లు లాగా చేసేవాళ్ళు. రాతిలోనే దూలాలు చెక్కేవాళ్ళు, మంచాలు చెక్కేవాళ్ళు, తలగడ కూడా చెక్కేవాళ్ళు. కాల్చిన మట్టితో చేసిన ఒక శవపేటిక బొమ్మ, ఏదో పుస్తకంలోంచి కత్తిరించింది, ఆమె దగ్గర ఉండేది. మూత మీద భార్యాభర్తలు పక్కపక్కనే ఒరిగి, విందులో కూర్చున్నట్టు, చిరునవ్వుతో ఉంటారు. ఆ బొమ్మను బెంచీల మీదుగా తిప్పారు.

కోసిగి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ అమ్మానాన్నలు పంట లేని నెలల్లో పనులకు వలస పోయేవాళ్ళు. క్లాసులో నోరు తెరిచేది కాదు. ఆ బొమ్మ తన దగ్గరికి వస్తే ఎంతకూ పక్కకు ఇవ్వలేదు. చివరికి అడిగింది. "ఇద్దరూ ఒగేసారి తింటాండారా మేడమ్? ఆయమ్మ తర్వాత తినదా?"

"లేదమ్మా. కలిసే తింటాండాది. చచ్చిపోయినాక కూడా కలిసే తింటాండాది."

"అయితే వాళ్ళు మంచోళ్ళే" అంది ఆ అమ్మాయి.

మేడమ్ ఆ మాటను తర్వాత ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో లెక్కలేదు. ఎట్రుస్కన్ల మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదప్పా అనేవారు. రోమువాళ్ళు చెక్కించుకున్న ముసలి మొహాల శిల్పాలు కూడా ఆమెకు ఇష్టమే. ముడుతలు, బట్టతల, వంకర ముక్కు ఏదీ దాచేవాళ్ళు కాదు. ఫొటో స్టూడియోవాడు తన మొహం తెల్లగా చేసి ఇచ్చాడని ఒకసారి వాడితో జగడం పెట్టుకుని వచ్చారు. "ఎండలో తిరిగి సంపాయించుకున్న మొగమప్పా ఇది. వాడెవడు తుడిచేదానికి?"

ఒకరోజు ఎవరో ధైర్యం చేసి అడిగారు, మీరు రోము చూశారా మేడమ్ అని. ఆమె పాస్‌పోర్టు కూడా తీసుకోలేదు. "నీ గుండెకాయ నువ్వు సూసినావా? కొట్టుకుంటాండాదని ఎట్ల తెలుసు?" అని ఎదురడిగి పాఠంలోకి వెళ్ళిపోయారు.

చదువు అయ్యాక నేను అటూ ఇటూ తిరిగి కాంట్రాక్టరునయ్యాను. పిల్లరు, బీము, స్లాబు. నా లోకమంతా మూలమట్టానికి సరిపోయే లోకం. కమాను అనేది ఫంక్షన్ హాళ్ళ ముందు థర్మాకోలుతో చేసే అలంకారంగా మిగిలిపోయింది. మేడమ్ రిటైరై కర్నూలులోనే ఉండిపోయారు. పండగలకు వెళ్ళి కలిసేవాణ్ణి. కట్టిన బిల్డింగుల ఫొటోలు చూపిస్తే ఓపికగా చూసి, "గట్టిగా ఉండాయిలే" అనేవారు. అది మెచ్చుకోలు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ మధ్య ఒకరోజు ఆమే ఫోన్ చేశారు.

"ఏమప్పా, మా గుడి పడగొట్టే పని నువ్వే ఒప్పుకున్యావంట?"

కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే ఒక పల్లెలో పాత చర్చి ఉంది. దాన్ని తీసేసి కొత్తది కట్టాలని సంఘం అనుకుంది, పని నాకు వచ్చింది. అది మేడమ్ పుట్టిన ఊరని నాకు తెలియదు. పగుళ్ళు వచ్చాయి మేడమ్, ఇంజనీరు పనికిరాదన్నాడు అని నసిగాను.

"ఇంజనీరు సంగతి నాకెందుకు? నువ్వు సూసినావా? బరువు యాడికి పోతాండాదో కనుక్కున్యావా?"

మర్నాడు ఆమెను కారులో ఎక్కించుకుని వెళ్ళాను. చిన్న చర్చి. సున్నం కొట్టిన లావు గోడలు, ముందర వసారా, వసారాకు ఒకటే పెద్ద రాతి కమాను. దాని నడినెత్తిన ఉన్న రాయి నిలువునా పగిలి, ఒక ముక్క కిందికి జారి ఉంది. ఆ రాయికి ఒక ఇనుప కొక్కెం ఉంది. క్రిస్మస్‌కు పెద్ద నక్షత్రం వేలాడదీయాలని, సంఘపెద్ద తన వయసు కాలంలో ఉత్సాహంగా డ్రిల్లు పెట్టి దించిన కొక్కెం అది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి రాయిని లోపలి నుంచి చీల్చింది. మిగతా రాళ్ళు? నేను నిచ్చెన వేసుకుని ఒక్కో అతుకూ తడిమి చూశాను. దారం దూరే సందు లేదు. వసారాలో నిలబడి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాను. బరువు వంపు వెంట రెండు పక్కలా దిగి, లావు గోడల్లోకి పోయి, ఎప్పట్లాగే నేలకు చేరుతోంది. నెత్తిన రాయి పగిలినా పక్క రాళ్ళు ఒకదాన్నొకటి వదల్లేదు.

అప్పుడు చెప్పారు మేడమ్, ఆ కమాను ఎవరు కట్టారో. పెద్ద కరువు వచ్చినప్పుడు దొరలు పని పెట్టి, పూటకు గంజి పోసి కట్టించిన గుడి అది. ఆమె జేజి, అంటే నాయనమ్మ, గుట్ట నుంచి నెత్తిన రాయి మోసింది. కడుపులో బిడ్డతో మోసింది. ఆ బిడ్డే మేడమ్ వాళ్ళ నాయన.

సంఘపెద్ద వచ్చాడు. ఆయనకు నాపరాయి క్వారీ, పాలిషు ఫ్యాక్టరీ ఉన్నాయి, పెద్దమనిషి, మాట కటువు. "అక్కా, రేపు పిల్లోళ్ళ నెత్తిన పడితే ఎవురు జవాబు చెప్తారు? నువ్వు కర్నూల్లో ఉంటావు. ఈడ ఉండేది నేను." ఆ మాటలో తప్పు లేదు.

"తలకాయ నొచ్చిందని తలకాయ తీసేస్తారా అప్పా? పగిలింది ఒక్క రాయి. దాన్ని మారుస్తాం."

"మారిస్తే నిలబడతాదని నీకెట్ల తెలుసు?"

"జేజి మోసిన రాళ్ళు ఇంకా నిలబడే ఉండాయి గదా."

ఇద్దరిదీ ఒకే జేజి. ఆయన ఖండితంగా చెప్పాడు. "ఒక్కసారి. ఒక్క రాయి. అది నిలబడకపోతే పడగొట్టిచ్చేస్తా. మల్ల నువ్వు ఈ గుడి గురించి నోరెత్తకూడదు."

"ఎత్తను" అన్నారు మేడమ్. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అని నాకూ సంఘపెద్దకూ తెలుసు.

కమాను కింద సెంట్రింగు కట్టించాను. కమాను వంపుకు సరిపోయే చెక్క చట్రం, దాని కింద పైకీ కిందికీ తిప్పుకునే ఇనుప జాకీలు. స్లాబులకు రోజూ కట్టే సెంట్రింగే. రోమువాళ్ళూ ఇట్లాగే చెక్క చట్రం మీద రాళ్ళు పేర్చి, చివరి రాయి పడ్డాక చట్రం తీసేసేవాళ్ళని మేడమ్ రాతి పని చేసే బేల్దారి వాళ్ళకు చెబుతుంటే, నేను నోట్సు రాసుకున్న పాఠం నా సైటు మీదే నడుస్తోందని తట్టి నాలో నేనే నవ్వుకున్నాను. పగిలిన రాయిని మెల్లగా ఊడదీశారు. సంఘపెద్ద తన క్వారీ నుంచే మంచి దిమ్మ తెప్పించి, అదే కొలతకు చెక్కించాడు. పైన వెడల్పు, కింద సన్నం. కరక్కాయ, బెల్లం కలిపిన సున్నం సిద్ధం చేశారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరంతా చూస్తుండగా రాయిని దించి, పైన చెక్క పెట్టి సుత్తితో మెల్లగా బిగించడం మొదలుపెట్టారు.

రాయి సగం దిగాక టప్‌మని ఒక చప్పుడు. అడ్డంగా ఒక గీత. ఇంకో దెబ్బకు పైపొర లేచి వచ్చింది.

మేడమ్ కుర్చీలోంచి లేచారు. చెప్పులు వేసుకున్నారు. "పోదాం పదప్పా" అన్నారు నాతో. మొహంలో ఏమీ లేదు. మాట ఇచ్చారు, మాట్లాడకూడదు, అంతే. ఆమె నడక చూస్తే నాకు ఏడుపు వచ్చింది. వెళ్ళి కారు తలుపు తీశాను.

ఊడిన పెచ్చును సంఘపెద్ద చేతిలోకి తీసుకున్నాడు. పుట్టినప్పటి నుంచి నాపరాయి మధ్య బతికిన మనిషి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మిగిలిన రాయి వంక చూశాడు. పొరలు పడుకుని ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, మా ఇళ్ళ నేలల్లో బండలు పడుకున్నట్టే.

"అక్కా" అని పిలిచాడు. "దీన్ని పండుకోబెట్టినాం గదక్కా."

ఆమె ఆగారు. తిరగలేదు.

"మాట్లాడక్కా."

"మాట్లాడనని చెప్పినా గదప్పా."

"నేను చెప్తాండా, మాట్లాడు తల్లీ."

ఆమె వెనక్కి వచ్చారు. ఆ రాతి పొరల మీద వేలు నడిపారు. ఒక్కసారిగా నవ్వు మొదలైంది ఆమెకు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఒక పాటల పుస్తకం అడిగి తీసుకుని, రెండు అట్టల మీదా అరచేతులు పెట్టి నొక్కి చూపించారు. పుస్తకం గట్టిగా నిలిచింది. తర్వాత దాన్ని తిప్పి, వీపు మీద ఒక చెయ్యి, కాగితాల అంచుల మీద ఒక చెయ్యి పెట్టి నొక్కారు. కాగితాలు ఉబ్బి విచ్చుకుపోయాయి.

"కమాను నెత్తిన తోపుడు పై నుంచి రాదప్పా. రెండు పక్కల నుంచి వస్తాది. పొరలు ఆ తోపుడుకు ఎదురుగా నిలబడాల. నాపరాయి దేశంలో పుట్టినోళ్ళం. రాయిని పండుకోబెట్టేదే గానీ నిలబెట్టేది మనకు అలవాటు ల్యా. ఇది పుస్తకంలో ఉండాది. నేను ముప్పై ఏండ్లు చెప్పిన పాఠం. పేరు తెలుసు నాకు, పని సూడలేదు."

పిల్లలకు పెట్టిన నియమం తనకే వచ్చి తగిలిందని ఆమె సంతోషం. అట్లాంటి సంతోషం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. తప్పు దొరికిందని చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టిన మనిషి ఆమె ఒక్కరే.

రెండో రాయిని పొరలు నిలువుగా ఉండేట్టు చెక్కించారు. అది సుత్తి దెబ్బలకు ఒక్కొక్క వెంట్రుక మందం దిగుతూ పోయి, పక్క రాళ్ళ మధ్య కూర్చుంది. సున్నం ఆరేదాకా ఆగి, సెంట్రింగు విప్పే రోజున ఆమెను మళ్ళీ తీసుకెళ్ళాను.

బేల్దారి మేస్త్రీ పరాచికంగా అన్నాడు. "రోములో సెంట్రింగు విప్పేటప్పుడు కట్టినోణ్ణి కింద నిలబెట్టేటోళ్ళంట గదా మేడమ్? ఎవురు నిలబడతారు?"

"ఎవరో పుట్టించిన కథ అది" అని కసిరారు ఆమె. "సచ్చేదానికి తెగించడం గొప్పగాదు, లెక్క సరిగ్గా సూసుకోవడం గొప్ప. అందరూ బయటికి పొండి."

జాకీలను రెండు పక్కల నుంచీ కొంచెం కొంచెంగా దించారు. చట్రం కిర్రుమంది. సున్నపు పొడి కాస్త రాలింది. సంఘపెద్ద పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నాడు. నేనూ ఏదో దేవుణ్ణి తలుచుకున్నాను, ఏ దేవుణ్ణో గుర్తు లేదు. అప్పుడు చట్రానికీ రాళ్ళకూ నడుమ వెలుతురు గీత ఒకటి కనిపించింది. చివర నుంచి చివర దాకా, వంపు పొడవునా. కమానును ఇక ఏదీ పట్టుకుని లేదు. రాళ్ళే రాళ్ళను పట్టుకుని ఉన్నాయి. నేను ఎన్నో స్లాబులకు సెంట్రింగు విప్పాను. ఇనుము ఉంటుంది, సిమెంటు ఉంటుంది, నిలబడతాయని తెలుసు. ఇక్కడ సున్నం సందులు పూడ్చడానికే, కట్టే కమ్మీ లేదు. పడిపోవాలని చూసే రాళ్ళన్నీ కలిసి, ఆ పడిపోవాలనే బరువుతోనే ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి. ఇది మనిషి ఊహకు వచ్చిందా అనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా అదే అనిపిస్తుంది.

మేడమ్ కమాను పాదం దగ్గరికి వెళ్ళి, వంగలేక వంగి, అన్నిటికంటే కింది రాయి మీద అరచెయ్యి పెట్టారు.

"ఈడికొచ్చింది సూడప్పా" అన్నారు మెల్లగా.

నేనూ చెయ్యి పెట్టాను. చల్లటి రాయి. అయినా ఆమె చెప్పింది నిజమేననిపించింది.

కొత్త రాయి మీద అక్క పేరు చెక్కిద్దామన్నాడు సంఘపెద్ద. మా వైపు బోరు వేసినా, బస్సు షెల్టరు కట్టినా శిలాఫలకం లేకుండా జరగదు. మేడమ్ మండిపడ్డారు.

"రోములో కమాన్ల మీద రాజుల పేర్లు ఇంతింత అచ్చరాలతో చెక్కినారు. మోసినోళ్ళ పేర్లు యాడుండాయి? జేజి పేరు ల్యాని కాడ నా పేరు ఎందుకప్పా?"

"అయితే జేజి పేరే చెక్కిద్దాం."

"జేజి ఒగతే మోసిందా?"

అంతటితో ఆ మాట ఆగిపోయింది. రాయి నున్నగా అట్లాగే ఉంది.

మట్టి రోజున కర్నూలు నుంచి, కడప నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చారు. చర్చి లోపల చోటు చాలక సగం మందిమి వసారాలో, ఎండలో నిలబడ్డాం. పెట్టె కమాను కింది నుంచి లోపలికి పోయింది, పాటలయ్యాక కమాను కింది నుంచే బయటికి వచ్చింది. ఎంతమంది తల ఎత్తి పైకి చూశారో! పైకి చూసినవాళ్ళంతా ఆమె శిష్యులే అని ఇట్టే పోల్చుకున్నాను. మట్టి వేసి, చేతులు కడుక్కుని, జనం కార్ల వైపు కదిలారు. నాకు ఇంకా పోబుద్ధి కాక వసారా మెట్టు మీద కూర్చున్నాను.

సంఘపెద్ద ఒక్కడే తిరిగి వచ్చాడు. పైపంచెతో మొహం తుడుచుకుని కమాను ముందర నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇందులో మా జేజి మోసిన రాయి యాది అయ్యుంటాది?"

"తెలీదన్నా. ఎవరికీ తెలీదు."

ఆయన తల ఊపాడు. కమాను పాదం దగ్గర గొంతుక్కూర్చుని కింది రాయి మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత దాని పై రాయి మీద. మెల్లగా లేస్తూ, ఒక్కొక్క రాయినీ ముట్టుకుంటూ, చెయ్యి అందినంత ఎత్తు దాకా పోయాడు. అందని చోట మునివేళ్ళ మీద కాసేపు నిలబడ్డాడు. చెయ్యి దించి, అవతలి పాదం దగ్గరికి నడిచి, మళ్ళీ కింది రాయి నుంచి మొదలుపెట్టాడు.